దింపిన బండి, నిండు డిక్కీ: పండగ బుకింగుల సంగతి

సంక్రాంతి బుకింగులు మొదలయ్యాయి కాబట్టి, దింపిన బండ్లు, అంటే స్ప్రింగులు మార్చి ఎత్తు తగ్గించిన కార్లు ఉన్నవాళ్లకి మా గ్యారేజీ నుంచి ముందే చెప్పేస్తున్నామండి. ఈ సీజను నుంచి ఖాళీ బండికి ఎత్తు సెట్ చేసి పంపడం మానేస్తున్నాం. దూర ప్రయాణానికి తయారు చేయమని వచ్చే ప్రతి దింపిన బండికీ సీట్లలో, డిక్కీలో ఇసుక బస్తాలు వేసి, ఆ బరువు మీదే ఎత్తు కొలుస్తాం. పని రెండు గంటలు ఎక్కువ పడుతుంది, లేబరు ఆ మేరకు పెరుగుతుంది. ఖాళీగా నిలబెట్టి ఫోటో తీస్తే బండి ఇప్పుడున్నంత కిందికి కనపడదు కూడా. అందుకు ఒప్పుకుంటేనే డేటు రాసుకుంటాం.

కారణం లెక్కలోనే ఉంది. వెనక సీట్లో ముగ్గురు, డిక్కీలో సామాను కలిపితే వెనక ఇరుసు మీద 200 కిలోలు సులువుగా పడతాయి, అంటే ఒక్కో పక్క 100 కిలోలు. మిల్లీమీటరుకు 2.5 కిలోల స్ప్రింగు అయితే ఆ బరువుకి 40 ఎం.ఎం. దిగుతుంది, 4 కిలోల స్ప్రింగు 25 ఎం.ఎం. దిగుతుంది. స్ప్రింగు చక్రం పక్కనే కాకుండా బీము మీద లోపలికి కూర్చునే బండ్లలో ఇంకొంచెం ఎక్కువే. ఖాళీగా 140 ఉందని ధీమాగా బయల్దేరిన బండి, అందరూ ఎక్కాక వెనకవైపు 100 దగ్గర నడుస్తూ ఉంటుంది. పైగా మనవైపు పండక్కి వచ్చేటప్పటికంటే తిరిగి హైదరాబాదు వెళ్లేటప్పుడే బరువెక్కువ. బియ్యం బస్తా, కొబ్బరికాయలు, అరిసెల డబ్బాలు, అత్తగారు ఆఖరి నిమిషంలో పెట్టించేవి. ఆ తిరుగు ప్రయాణం బరువుకే మేం సెట్ చేసేది.

నిండు బండికి అడుగున అన్నిటికంటే కిందున్న భాగం నేలకు 130 ఎం.ఎం. తగ్గకుండా చూస్తాం. ఈ అంకె స్పీడ్ బ్రేకర్ల నుంచి వచ్చింది. నిబంధన ప్రకారం వేసిన గుండ్రటి స్పీడ్ బ్రేకరు 10 సెం.మీ. ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉంటుంది. వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2,600 ఎం.ఎం. ఉన్న సెడాను దాని నడినెత్తి మీదున్నప్పుడు నాలుగు చక్రాలూ ఆ వాలు మీదే, దాదాపు 5 సెం.మీ. ఎత్తులో ఉంటాయి. కాబట్టి అడుగు భాగానికి అక్కడ కావాల్సింది మిగతా 5 సెం.మీ. మాత్రమే. హైవే మీద తగలని బండి ఊళ్లో ఎందుకు తగులుతుందంటే, కాలువ గట్టు రోడ్ల మీద ఊరివాళ్లు పోయించుకున్న దిబ్బ మీటరు వెడల్పు కూడా ఉండదు. ముందు చక్రాలు దాటేసి చదును మీద, వెనకవి ఇంకా ఇవతల చదును మీద ఉంటాయి, దిబ్బ ఎత్తు మొత్తం కడుపు కిందికే వస్తుంది. దానికి తోడు ముందు చక్రాలు దిగిన ఊపుకి స్ప్రింగులు ఓ 20, 30 ఎం.ఎం. కుంగుతాయి. దిబ్బ ఎత్తు వందకి ఆ ముప్పై కలిపితే 130.

దాటే పద్ధతిలోనూ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది: దిబ్బ ఎక్కేదాకా బ్రేకు మీద కాలు ఉంచడం. బ్రేకు పట్టినంతసేపూ ముక్కు కిందికి దిగి ఉంటుంది. ముందే వేగం చంపుకుని, చక్రం దిబ్బని తాకకముందే బ్రేకు వదిలేయండి. ఏటవాలుగా దాటితే ముందు బంపరు బతుకుతుంది, కడుపుకి మాత్రం దాని వల్ల ఒరిగేది తక్కువ. మరీ పెద్ద దిబ్బ అయితే వెనక కూర్చున్నవాళ్లని దింపేయడమే ఉత్తమం. ఎవరూ సిగ్గుపడక్కర్లేదు.

వంతెనల దగ్గర ఇంకో రకం దెబ్బ. డెల్టా అంతా మెత్తటి ఒండ్రు నేల. వంతెన ఎక్కే అప్రోచ్ కట్ట ఏళ్ల తరబడి కుంగుతుంది, లోతు పునాదుల మీదున్న వంతెన కుంగదు, రెండూ కలిసేచోట మెట్టు పడుతుంది. 216వ జాతీయ రహదారి మీద కాకినాడ నుంచి నరసాపురం వైపు డ్రెయిన్లకీ కాలువలకీ ఇలాంటివి వరసగా తగులుతాయి. మామూలు బండికి అది చిన్న కుదుపు. దింపిన బండికి షాకు (షాక్ అబ్జార్బరు) లోపల కుంగడానికి మిగిలిన ప్రయాణమే తక్కువ కాబట్టి నేరుగా బంప్ స్టాప్ (ఆఖర్న ఆపే నురగ దిమ్మ) మీద పడుతుంది, బరువుతో ఉంటే మరీను. వంతెన కనపడగానే 50, 60కి తగ్గించండి. డొక్కు షాకుల్లో ఆ బంప్ స్టాప్ నురగ ఎప్పుడో పొడి పొడి అయిపోయి ఉంటుంది, మేం షాకు మీది రబ్బరు బూటు (తొడుగు) ఎత్తి చూసేది దాన్నే.

సఖినేటిపల్లి నుంచి నరసాపురం పంటు (బండ్లను దాటించే పడవ) మీద దాటే అలవాటున్నవాళ్లు దింపిన బండితో ఆ పని పెట్టుకోకండి. గోదావరి నీటిమట్టాన్ని బట్టి రేవులో పలక వాలు మారుతుంది, ఎక్కేటప్పుడు బంపరు, దిగేటప్పుడు సైలెన్సరు తగులుతాయి. చుట్టు తిరుగుడే అయినా చించినాడ వంతెన మీదుగా వెళ్లండి.

సార్వా (ఖరీఫ్ వరి) కోతల తర్వాత రోడ్డు మీద ధాన్యం ఆరబోతలు ఉంటాయి. అంచుల్లో పెట్టిన రాళ్లు రాత్రిపూట, అందులోనూ దింపిన బండి లైట్లకి, ఆలస్యంగా కనపడతాయి. లైట్లు బండితోపాటే కిందికి దిగాయి కాబట్టి వెలుగు దగ్గర్లోనే పడుతుంది. అలాగని బోల్టు తిప్పి పైకి లేపేస్తే డిక్కీ నిండినప్పుడు ముక్కు లేచి ఎదుటివాడి కళ్లలో కొడతాయి. డాష్‌బోర్డు మీదున్న 0 నుంచి 3 దాకా తిరిగే లెవెలింగ్ చక్రం అందుకే ఉంది, వాడండి. రాళ్లకంటే ప్రమాదం ఎండుగడ్డి. అడుగు తక్కువ ఎత్తులో ఉండడం వల్ల గడ్డి లాక్కుపోయి కేటలిటిక్ కన్వర్టరుకీ సైలెన్సరు పైపుకీ చుట్టుకుంటుంది, ఆ వేడికి అంటుకుంటుంది. గడ్డి మీదుగా వచ్చాక కాలిన వాసన తగిలితే ఆగి, ఇంజను ఆపి, కొంత చల్లారాక చేతికి గ్లవుజు వేసుకుని లాగేయండి. పందేల బరుల దగ్గర కోసిన చేలల్లో పార్కింగు కూడా ఇదే బాపతు. కొయ్యకాళ్లు కింది ప్లాస్టిక్ కవరు క్లిప్పుల్ని పీకేస్తాయి, వేడి బండి ఎండుగడ్డి మీద నిలబడుతుంది. గట్టు మీదే ఆపి నడిచి వెళ్లండి.

కింద గట్టిగా తగిలిందనిపిస్తే ఆయిల్ కారుతోందా అని మాత్రమే చూసి బయల్దేరకండి. అల్యూమినియం ఆయిల్ చాంబరైతే పగులుతుంది, కారడం కనపడుతుంది. ఇనప రేకు చాంబరు పగలదు, లోపలికి నొక్కుకుపోయి ఆయిల్ పీల్చే జల్లెడకి ఆనుతుంది. చుక్క కారదు గానీ ప్రెషరు పడిపోతుంది. ఎర్ర ఆయిల్ లైటు వెలిగిన క్షణమే ఇంజను ఆపాలి, పక్క ఊరిదాకా లాగుదామనుకుంటే బేరింగులు పోతాయి. ఇంజను గార్డు వేయించమంటే వేస్తాం, కానీ రేకు, బిగింపులు కలిపి ఎత్తులో ఓ 20 ఎం.ఎం. తినేస్తుంది. ఆ 20 కూడా కలుపుకునే 130 చూడాలి.

ఇక టైర్లు. దింపితే క్యాంబరు (చక్రం పైభాగం లోపలికి వాలడం) వల్ల టైరు లోపలి అంచు అరుగుతుందని అందరికీ తెలుసు, కానీ టైరుని వేగంగా తినేది టో, అంటే చక్రం ముందువైపు లోపలికో బయటికో తిరిగి ఉండడం. ఎత్తు మారితే స్టీరింగుని చక్రానికి కలిపే టై రాడ్ కోణం మారుతుంది, దానితో టో తప్పుతుంది. క్యాంబరు మైనస్ ఒకటిన్నర డిగ్రీ ఉన్నా టో సరిగ్గా ఉంటే టైరు చాలాకాలం వస్తుంది. టో తప్పితే ఒక్క దూర ప్రయాణంలోనే లోపలి అంచు తీగలు బయటపడొచ్చు. బయటినుంచి చూస్తే టైరు కొత్తగానే ఉంటుంది. స్టీరింగు పూర్తిగా తిప్పి, లోపలి అంచు మీద చేత్తో అటూ ఇటూ రాసి చూడండి, ఒకవైపు నునుపు, రెండోవైపు రంపంలా తగిలితే టో తేడా. కొత్త స్ప్రింగులు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో సర్దుకుని ఇంకొంచెం దిగుతాయి. బిగించినరోజు చేసిన అలైన్‌మెంటు ఆఖరిది కాదు. అందుకే ప్రయాణానికి రెండు వారాల్లోపు కొత్త కిట్ బిగించం. భోగి ముందు రోజు వచ్చి అడిగితే కాఫీ ఇస్తాం, పని మాత్రం చేయం.

కాయిలోవర్లు (ఎత్తు మార్చుకునే స్ప్రింగు, షాకు సెట్లు) ఉన్నవాళ్లు ఇంటి దగ్గరే కాలరు తిప్పి ఎత్తు పెంచుకుంటున్నారు. తిప్పడం సులువే. కానీ ఎత్తు మార్చాక కంట్రోల్ ఆర్మ్ బోల్టులు సడలించి, బండి చక్రాల మీద నిలబడి ఉండగా మళ్లీ బిగించాలి. గాల్లో బిగిస్తే రబ్బరు బుష్షు ఎప్పుడూ మెలిపడే ఉండి చిరుగుతుంది. యానాం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి మరలు పట్టేసిన కాలర్లని సుత్తితో కొట్టకండి, నైలాను బ్రష్షుతో తుప్పు తీసి, నూనె పట్టించి రాత్రంతా వదిలేయండి. కట్ చేసిన స్ప్రింగులతో వచ్చే బండ్లకి ట్రిప్ చెకప్ చేయం. గుంటలో చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు కురచ స్ప్రింగు కప్పులోంచి జారుతుంది, మళ్లీ సరిగ్గా కూర్చుంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

డిక్కీలో ఏం ఉండాలంటే, 40 ఎం.ఎం. మందం చెక్కలు రెండు. పంచరైన దింపిన బండి కిందికి దారిలో పంచరు షాపువాళ్ల బాటిల్ జాకీ దూరదు. ముందు చెక్క మీదికి నెమ్మదిగా ఎక్కించి, ఆ సందులో జాకీ పెట్టాలి. స్టెప్నీ గాలి చూసుకోండి, చక్రాలు మార్చిన బండి అయితే పాత బోల్టులు స్టెప్నీతోపాటే ఉంచండి, అలాయ్ బోల్టు పొడవు రేకు చక్రానికి సరిపోకపోవచ్చు. బండి ఆగిపోతే బండిని పైకెక్కించుకునే ఫ్లాట్‌బెడ్డే కావాలని ఫోనులోనే చెప్పండి, టోయింగు కొక్కెం డిక్కీలో ఉందో లేదో బయల్దేరకముందే చూడండి.

చట్టం సంగతి దాచం. కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే చట్టం 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ రాసి ఉన్నాయి. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ ఈ మార్పునే అడ్డు పెట్టొచ్చు. ఇది తెలిసే చేయించుకోండి, తెలియదని మా మీద పెట్టకండి.

పాత స్ప్రింగులు, షాకులు మా దగ్గర వదిలేసినవాళ్లు డిసెంబరు నెలాఖరులోగా తీసుకెళ్లండి. అమ్మేటప్పుడైనా, ఆర్టీవో ఆఫీసు పని పడినా అవే కావాలి. ఒక్కోదానికీ బండి నంబరు రాసి కట్టి ఉంచాం, ఇసుక బస్తాలు వేయడానికి ఆ మూల ఖాళీ చేయాలి.