మా మూల ఫైళ్లన్నీ మళ్లీ గీస్తున్నాము: ఖాతాదారులకు తెలియజేయవలసిన సంగతి

చేతిరాత అక్షరాలతో లోగోలు, శీర్షికలు రాయించుకోవడానికి ఎంతో కాలంగా మా దగ్గరికే వస్తున్న మీకు ఈ విషయం మా నుంచే తెలియాలని రాస్తున్నాను. కాగితం మీది అక్షరాన్ని వెక్టర్ గీతగా, అంటే ఎంత పెద్దది చేసినా చెదరని గీతగా, తీర్చిదిద్దడానికి మేము వాడుతున్న ప్లగ్-ఇన్ (డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌కు తగిలించుకునే అదనపు ప్రోగ్రామ్), ఆ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌లో పనిచేయడం మానేసింది. చేతిలో ఉన్న పనులు కొన్ని ఆలస్యమవుతాయి. ఒప్పుకున్న ధరలు మారవు.

ఆ ప్లగ్-ఇన్‌ను తయారుచేసిన సంస్థవారు శాశ్వత లైసెన్సు అని చెప్పి దాన్ని మాకు అమ్మారు. అప్‌డేట్ వస్తుందని మొదట మాట ఇచ్చారు, తర్వాత మెయిళ్లకు జవాబివ్వడం మానేశారు, చివరికి పాత లైసెన్సులు ఇక చెల్లవని, కావలసినవారు నెలనెలా చందా కట్టుకోవాలని ప్రకటించారు. మమ్మల్ని బాధించినది చందా కాదు. మా మూల ఫైళ్లలో గీతల మందం, మూలల గుండ్రదనం ఆ ప్లగ్-ఇన్ ఎఫెక్టుల (అసలు గీత మీద అది తొడిగే మార్పుల) రూపంలోనే ఉన్నాయి కాబట్టి, అది లేకపోతే అక్షరం తెర మీద కనిపిస్తుంది గానీ సవరించడానికి లొంగదు. ఈ సంగతి వివరంగా రాస్తే, ఎక్స్‌పాండ్ చేసి, అంటే ఎఫెక్టులను మామూలు గీతలుగా మార్చేసి, వాడుకోమని ఒక్క ముక్కలో తేల్చేశారు. అక్షరాలు గీసేవారికి పనిముట్లు అమ్ముకునే సంస్థ అనవలసిన మాట కాదది.

ఎందుకు కాదో ‘ఠ’ అక్షరంలో చూపిస్తాను. దాని వెలుపలి చుట్టుకు పైన, కింద, కుడి, ఎడమ అంచుల్లో ఒక్కొక్కటి చొప్పున నాలుగు పాయింట్లు చాలు. నిజమైన వృత్తానికైనా, హ్యాండిల్ (పాయింటు నుంచి సాగి ఒంపును నిర్ణయించే పుల్ల) పొడవును వ్యాసార్ధంలో 0.5523 వంతు ఉంచితే, వచ్చే తేడా పదివేలలో మూడు వంతులకు మించదు. అదే చుట్టును మందమైన గీతగా గీసి ఎక్స్‌పాండ్ చేస్తే, బెజియే గీతకు (ఇలా పాయింట్లు, హ్యాండిళ్లతో గీసే గీతకు) సమదూరంలో నడిచే అంచు సాధారణంగా మరో బెజియే గీత కాదు కనుక, సాఫ్ట్‌వేర్ ఆ అంచును ఉజ్జాయింపుగా పట్టుకోవడానికి అదనపు పాయింట్లు గుప్పిస్తుంది. తెర మీద తేడా తెలియదు. వినైల్ (బోర్డుల మీద అంటించే పలుచని ప్లాస్టిక్ షీటు) కోసే యంత్రంలో పెద్ద సైజులో కోయించినప్పుడు మాత్రం, నున్నగా తిరగవలసిన ఒంపు చిన్న చిన్న పలకలుగా విరిగినట్టు కనిపిస్తుంది. స్కాన్ చేసి ఆటో ట్రేస్‌తో (బొమ్మ అంచులను సాఫ్ట్‌వేరే గీతలుగా మార్చే పద్ధతితో) తీసిన అక్షరాలకూ ఇదే జబ్బు. మా పేరుతో అటువంటి అక్షరం బయటికి వెళ్లడానికి నేను ఒప్పుకోను.

చందా కట్టి ఉన్నది ఉన్నట్టు నడిపించాలా, పాత వెర్షన్ కోసమే ఒక కంప్యూటర్‌ను కదపకుండా ఉంచాలా, అన్నీ మళ్లీ గీయాలా అన్నది తేల్చుకోవడానికి చాలా మథనపడ్డాను. మొదటి రెండు దారుల్లో ఖర్చు, శ్రమ తక్కువే, కానీ మీ లోగో తాళంచెవి పరాయివారి చేతిలోనే ఉండిపోతుంది. అందుకే మూడోది ఎంచుకున్నాను. 1959లో కార్ల సంస్థ సిత్రోయెన్‌లో పాల్ ద కాస్తెల్జో, తర్వాత రెనోలో పియేర్ బెజియే కారు ఒంపులను లెక్కలోకి తేవడానికి కనిపెట్టిన ఈ బెజియే గీతను నేడు ఏ వెక్టర్ సాఫ్ట్‌వేర్ అయినా చదువుతుంది. ఏ ఒక్క ప్లగ్-ఇన్‌కూ అది సొంతం కాదు.

ప్లగ్-ఇన్‌లను పూర్తిగా వదిలిపెట్టడం లేదు. వంపు ఎక్కడ బిగుసుకుంటోందో చూపే దువ్వెన గీతలు, తప్పిన హ్యాండిల్‌ను పట్టించే తనిఖీలు కంటికి అందని లోపాలను బయటపెడతాయి కాబట్టి వాటిని వాడుతూనే ఉంటాము. అయితే మీకు అందే ఎస్‌వీజీ, పీడీఎఫ్ ఫైళ్లలోనూ, మా దగ్గర ఉండే మూల ఫైల్లోనూ సాదా పాత్‌లు (గీతలు) తప్ప మరే ఎఫెక్టూ మిగలదు.

పాత లోగోలను అడిగినవారికి రుసుము లేకుండా తిరిగి గీసి ఇస్తాము. త్వరలో పెద్ద బోర్డుకు గానీ కటింగుకు గానీ ఇవ్వబోతున్నవారు ముందుగా చెబితే వారి ఫైళ్లను ముందు పూర్తి చేస్తాము. ఆ సంస్థ రేపు మనసు మార్చుకుని పాత లైసెన్సులను పునరుద్ధరించినా ఈ నిర్ణయం మారదు.