మంత్రిగారూ, మందుల పెట్టెలతో పాటు చెప్పే మనిషిని కూడా పంపండి

విదేశాంగ మంత్రి జైశంకర్ గారికి,

నమస్కారమండీ. 2023లో తుర్కియేలో, 2025లో మయన్మార్‌లో భూకంపం వచ్చినప్పుడు మన సైన్యం వెళ్లి ఫీల్డ్ హాస్పిటల్ పెట్టింది. చూస్తే గర్వంగానే ఉంటుంది, అందులో పేచీ లేదు. నా గొడవల్లా టెంట్లు పీకేసి మనవాళ్లు విమానం ఎక్కాక ఏమవుతుందన్నదే.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు నేనో మెడికల్ క్యాంపులో మందులిచ్చే బల్ల దగ్గర కూర్చున్నాను. ఓఆర్‌ఎస్ (విరేచనాలకి నీళ్లలో కలిపి తాగే ఉప్పు, గ్లూకోజు పొడి) ప్యాకెట్లు పొద్దుటి నుంచీ పంచుతూనే ఉన్నాం. మర్నాడు ఒకామె పిల్లాణ్ణి చంకనేసుకుని వచ్చి "ఇది పట్టాక విరేచనాలు ఇంకా ఎక్కువయ్యాయండీ" అంది. ఎలా కలిపావమ్మా అంటే చేత్తో టీ గ్లాసంత కొలత చూపించింది. లీటరు నీళ్లలో కలపాల్సిన పొడి మొత్తం అందులోనే! ప్యాకెట్ మీద ఇంగ్లీషు, లైను చాంతాడంత, మేం నోరు విప్పి చెప్పలేదు. (పిల్లాడు కోలుకున్నాడు లెండి.) తెలుగువాళ్లకి తెలుగువాళ్లమే చెప్పలేకపోయాం, ఇక మయన్మార్‌లోని మాండలేలో బర్మీస్ తల్లికి ఎవరు చెప్తారు?

ఇదేం కొత్త సంగతి కాదు. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో కలరాతో జనం పోతుంటే, సెలైన్ చాలక డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు డ్రముల్లో పెట్టించి, పట్టే పని రోగుల బంధువులకే అప్పజెప్పారు. నూటికి ముప్పై దాకా ఉన్న చావులు నాలుగు లోపుకి దిగాయి. తర్వాత 1980 నుంచి బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ ఆడవాళ్లు ఇల్లిల్లూ తిరిగి చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం కలపడం నేర్పారు, కోటికి పైగా ఇళ్లలో. నాకు బాగా నచ్చిందేంటంటే, కొన్నాళ్లయ్యాక వేరేవాళ్లు వెళ్లి తల్లుల్ని అడిగేవాళ్లు, వాళ్లకి ఎంత గుర్తుందో దాన్నిబట్టే నేర్పినామెకి డబ్బులు. మన క్యాంపుల్లో మాత్రం ఎన్ని ప్యాకెట్లు పంచామన్నదే లెక్క.

అందుకే అడుగుతున్నాను. మీరు పంపే ప్రతి టీములో మందు ఎలా వాడాలో నేర్పే పని ఒక్కటే చూసే ఏఎన్ఎం లాంటి మనిషి ఒకరుండాలి, పక్కన ఆ ఊరి భాష వచ్చినవాళ్లు ఒకరు. భీష్మ్ క్యూబులు (ఎక్కడికైనా మోసుకెళ్లగల అత్యవసర వైద్యం పెట్టెలు) 2024లో యుక్రెయిన్‌కి నాలుగిచ్చారు, ఒక్కోదాంతో 200 మంది వరకు చికిత్స చేయొచ్చట, మంచిదే. ఈసారి పెట్టెలు సర్దేటప్పుడు లీటరు సీసా బొమ్మ వేసిన కార్డులు ఒక కట్ట కూడా అందులో పెట్టించండి. దాని బరువెంతండీ?

ఇట్లు,
విజయవాడ నుంచి ఒక ఫార్మసిస్టు