అసలాయన ఎక్కడ?

నల్లగొండ

ఏరా దోస్తు,

ఎట్లున్నావు? ఇది ఫోన్లో చెప్పే ముచ్చట కాదు, అందుకే రాస్తున్నా.

మర్రిగూడ దిక్కు ఒకావిడ నా దగ్గరికి వచ్చింది. పెళ్లి కాకముందే కూలికని బొంబాయి పోయిన వాళ్లన్న జాడ తెలియక ఏళ్లయింది. ఇప్పుడు ఒకడొచ్చి 'నేనే మీ అన్నను' అంటున్నాడట. ఆధార్ ఉంది. దూలం సందులో తాత దాచిన వెండి కడియం సంగతి కూడా చెప్పాడు. వచ్చిన వారానికే రోడ్డు పక్క భూమి అమ్ముదామని మొదలుపెట్టాడు.

చుట్టపోణ్ణని చెప్పి వాళ్లింట్లో దిగాను. పొద్దున బోరింగు దగ్గర వాడు వేపపుల్లతో పళ్లు తోముతుంటే చూశా. మల్లెమొగ్గల్లా తెల్లగా ఉన్నాయిరా! ఆ నీళ్లు తాగి పెరిగిన ఆ వయసువాళ్లకు అవెక్కడివి? నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే చెడుపు చేస్తుంది, అక్కడి బోర్లలో అంతకంటే చాలా ఎక్కువ ఉండేది. చిన్నప్పుడు పన్ను తయారయ్యేటప్పుడే పట్టేస్తుంది, ఎంత తోమినా పోదు. ఆ చెల్లెలి పళ్లన్నీ గోధుమరంగు చారలే. కట్టుడు పళ్లా అంటే, అట్లా లేవు, వాడి ముందుపన్ను అంచు విరిగి ఉంది.

2017 నాగర్‌కర్నూల్ కేసు గుర్తుందా? ఒకామె భర్తను చంపి, ప్రియుడి ముఖం యాసిడ్‌తో కాల్చి, వాడే భర్త అని ఆస్పత్రిలో చేర్పించింది. వాడు మాంసం తిననని మటన్ సూప్ వద్దనడంతో ఇంటివాళ్లకు అనుమానం వచ్చింది, వేలిముద్రలతో గుట్టు రట్టయింది. ఇక్కడా అదే దారి. పంపకాల దస్తావేజుకు అన్న వేసిన బొటనవేలి ముద్ర రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఉంది. నకలుకు దరఖాస్తు పెట్టా. ఆ సాయంత్రమే ఒక బొలెరో మాల్ ఊరి దాకా నా బండి వెంటపడి, మలుపులో హ్యాండిల్‌ను రాసుకుంటూ పోయింది. చేతులు ఇంకా వణుకుతున్నాయి. వీడు ఒక్కడు కాదు, వెనక మనుషులున్నారు. పోలీసులకు రాసిచ్చాను, ముద్రలు పోల్చి చూడాల్సింది వాళ్లే.

వీడెవడో రేపోమాపో తేలుతుంది. నాకు నిద్ర పట్టనిది వేరే. కడియం సంగతి వీడికెవరు చెప్పారు? ఆ అన్నే చెప్పి ఉండాలి. అంటే ఇద్దరూ ఎక్కడో ఒక్కచోట బతికారు. మరి ఆయనేమయ్యాడు? చెల్లెలు రోజూ అదే అడుగుతోంది, నా దగ్గర జవాబు లేదు.

నువ్వు బొంబాయిలోనే ఉన్నావు కదా, కామాటిపుర, భివండీల్లో మనవాళ్లుండే గల్లీల్లో విచారించు. పాత ఫోటో పెడుతున్నా. కుడి కనుబొమ్మ మీద గాటు, పళ్ల మీద చారలు గుర్తు. ఒక్కడివే పోకు. చెల్లెలు వెతుకుతోందని చెప్పు, భూమి మాట మాత్రం ఎవరి దగ్గరా ఎత్తకు.

నీ దోస్తు