వారానికోసారి వేసుకునే మందుకు రోజూ అలారమా?

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

మీ యాప్‌లో మా నాన్నగారికి తెప్పించిన మందుల గురించి ఈ ఫిర్యాదు. ఆయనకు చాలా ఏళ్లుగా సోరియాసిస్. మోచేతులు, మోకాళ్లు, తల మీద ఎర్రటి మచ్చలు లేచి తెల్లటి పొట్టు రాలుతుంది. ఈమధ్య వేళ్ల కీళ్లు కూడా వాచాయి. అందుకని డాక్టరు గారు మెథోట్రెక్సేట్ రాశారు. వారానికి ఒక్కసారి, ఆదివారం మాత్రమే. మంగళవారం ఫోలిక్ యాసిడ్. మేం అప్‌లోడ్ చేసిన చీటీలో ఇదంతా స్పష్టంగా ఉంది.

మీరు పంపిన కవరు మీద మాత్రం 'రోజుకు ఒకటి, భోజనం తర్వాత' అని అంటించారు. యాప్ కూడా రోజూ రాత్రి 9 గంటలకు మోగుతోంది. పైగా రెండూ పసుపు రంగు చిన్న బిళ్లలే, రెంటినీ ఒకే కవర్లో పెట్టేశారు. 70 ఏళ్ల మనిషి ఫోన్ మోగితే మందు వేసుకుంటారు గానీ చీటీ తీసి చూస్తారా? సోమవారం రాత్రి అమ్మ స్ట్రిప్పు చూసి, "నిన్నే కదండీ వేసుకున్నారు" అని చేతిలో బిళ్ల లాక్కుంది కాబట్టి సరిపోయింది.

ఈ మందు రోజూ మింగితే రక్తకణాలు పడిపోతాయి, నోరంతా పుండ్లు పడతాయి, ప్రాణాల మీదికి వస్తుంది. ఇలా పొరపాటున వేసుకుని చనిపోయినవాళ్లు ఉన్నారు. సరిగ్గా వాడేవాళ్లు కూడా రక్తం, లివర్ పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి.

ఫోన్ చేస్తే మీ ప్రతినిధి, "స్కిన్ ఎలర్జీ టాబ్లెట్టే కదా మేడమ్, ఏం కాదు" అన్నారు. ఇది ఎలర్జీ కాదు, తామర అసలే కాదు. రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పి, దాదాపు నెల పట్టాల్సిన చర్మకణాల ఎదుగుదల నాలుగైదు రోజుల్లోనే అయిపోయే జబ్బు. ఒకరి నుంచి ఒకరికి అంటదు. పూర్తిగా పోదు, అదుపులో పెట్టుకోవాల్సిందే. అన్నట్టు, మా ఆర్డర్ కిందే 'సోరియాసిస్ శాశ్వతంగా మాయం' అని ఏదో నూనె ప్రకటన వేశారు. ముందు అది తీసేయండి.

డబ్బు వాపసు అడగడం లేదు. ఆ అలారం వెంటనే ఆపండి. ఈ మందు కొన్న మిగతావాళ్లకూ ఇదే లేబుల్ వెళ్లిందేమో చూసి ఫోన్లు చేయండి. ఇకపై దాన్ని విడి కవర్లో పెట్టి, 'వారానికి ఒక్కసారే' అని ఏ రోజో కలిపి తెలుగులో రాయండి. చీటీలో లేనిది లేబుల్ మీదికి ఎలా వచ్చిందో రాతపూర్వకంగా చెప్పండి. వారంలోగా జవాబు రాకపోతే కవరు ఫోటోలతో డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు, వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేస్తాను.

ఇట్లు,
మీ ఖాతాదారు