బైపాస్ ఎగ్జిట్లకు నంబర్లు వేయాలి

సంపాదకులకు నమస్కారం.

జాతీయ రహదారులు నాలుగు వరుసలు దాటి ఆరు వరుసలవుతున్నాయి. నెల్లూరు, ఒంగోలు, ఏలూరు, సూర్యాపేట వంటి పట్టణాలకు బైపాస్‌లు వచ్చాయి. దూరం వెళ్లేవాళ్లు ఊరి ట్రాఫిక్‌లో చిక్కుకోకుండా దాటిపోతున్నారు. సంతోషమే. కానీ ఆ ఊళ్లోకే రావలసిన మనిషి సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు. బైపాస్ పడిన ఊరికి ఎగ్జిట్టే వీధివాకిలి. ఆ వాకిలి ఎక్కడుందో దాని ముందుకు వచ్చేదాకా తెలియదు, దాటిపోతే మళ్లీ ఎక్కడ తిరగాలో అంతకన్నా తెలియదు. మన జాతీయ రహదారుల మీద ప్రతి ఎగ్జిట్‌కూ కిలోమీటరు లెక్కన నంబరు వేసి, కనీసం రెండు కిలోమీటర్ల ముందునుంచే బోర్డులు పెట్టాలని అడగడానికే ఈ ఉత్తరం.

నేను అమెరికాలో, టెనెస్సీ రాష్ట్రంలోని నాక్స్‌విల్‌లో ఉంటున్నాను. జనాభా దాదాపు రెండు లక్షలు. మన ఒంగోలు, ఏలూరు స్థాయి ఊరు అనుకోవచ్చు. కాలిఫోర్నియాలోని బార్‌స్టో నుంచి నార్త్ కరోలినాలోని విల్మింగ్టన్ దాకా పోయే ఇంటర్‌స్టేట్ 40 అనే అంతర్రాష్ట్ర రహదారి ఈ ఊరి మీదుగానే వెళుతుంది. రోజూ నేను పనికి వెళ్లేది ఆ రోడ్డు మీదే. అక్కడి ఎగ్జిట్ నంబర్లు ఒకటి, రెండు, మూడు అని వరసగా వేసినవి కావు. టెనెస్సీ పడమటి సరిహద్దు మెంఫిస్ దగ్గర మిసిసిపీ నది. మైళ్ల లెక్క అక్కడ మొదలవుతుంది. ఎగ్జిట్ ఏ మైలు దగ్గర ఉంటే ఆ మైలే దాని నంబరు. ఒకే మైలులో రెండుంటే పక్కన ఏ, బీ అని చేరుస్తారు. రాష్ట్ర రాజధాని నాష్‌విల్ నడిబొడ్డు దగ్గర 210, మా ఊరి నడిబొడ్డు దగ్గర 388. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే రెండు ఊళ్ల మధ్య దూరం 178 మైళ్లని తేలిపోతుంది. నాష్‌విల్ వైపు నుంచి పిల్లలతో స్మోకీ పర్వతాలు చూడడానికి వచ్చే తెలుగు కుటుంబాలకు, అక్కడికి దిగాల్సిన ఎగ్జిట్ 407 నంబరు బాగా పరిచయం. దారిలో ఎక్కడున్నా సరే, మైలురాయి చూసి ఇంకెంత దూరముందో వెనక సీట్లోని పిల్లవాడు కూడా చెప్పగలడు.

ఈ ఊరిని కారులో దాటడం అంత తేలికైన పనేమీ కాదు. పడమటి నుంచి వస్తుంటే 368వ ఎగ్జిట్ దగ్గర చాటనూగా వైపునుంచి వచ్చే ఇంటర్‌స్టేట్ 75 ఇందులో కలుస్తుంది. అక్కడినుంచి 17 మైళ్ల పాటు రెండు రహదారులూ ఒకే రోడ్డు. 385 దగ్గర మళ్లీ విడిపోతాయి. 40 నేరుగా ఊళ్లోకి పోతుంది. 75 మాత్రం ఊరికి ఉత్తరాన చుట్టివచ్చే ఇంటర్‌స్టేట్ 640ని పట్టుకుని వెళుతుంది. ఊళ్లో పనిలేనివాళ్లు 640 ఎక్కితే 393 దగ్గర తిరిగి 40 మీదికి వస్తారు. ఇలా రహదారికే మూడంకెల నంబరు ఉంటే, దాని మొదటి అంకె సరిసంఖ్య అయితే అది సాధారణంగా చుట్టుదారి, బేసిసంఖ్య అయితే ఎక్కడో ఆగిపోయే కొమ్మదారి. 2008 మే నుంచి ఏడాదికి పైగా ఊళ్లోని 40ని పూర్తిగా మూసి బాగుచేసినప్పుడు, నేరుగా పోవలసిన బండ్లన్నీ ఈ 640 మీదుగానే వెళ్లాయి.

ఇంత చిక్కుముడిలోనూ కొత్తవాళ్లు తడబడకుండా వెళ్లగలుగుతున్నారంటే కారణం బోర్డులే. పెద్ద ఎగ్జిట్ అయితే రెండు మైళ్ల ముందు ఒకటి, మైలు ముందు ఒకటి, అర మైలు ముందు మరొకటి కనిపిస్తాయి. ఆకుపచ్చ పలక మీద తెల్లని అక్షరాలు, పైన చిన్న పలకలో నంబరు. ఎగ్జిట్ కుడివైపుకైతే ఆ చిన్న పలక కుడి మూలన ఉంటుంది. ఎడమవైపుకైతే ఎడమ మూలన, పసుపురంగు హెచ్చరికతో ఉంటుంది. రోడ్డు చీలే చోట ఏ వరుస ఎటు పోతుందో నెత్తిమీద బాణం గుర్తు చెబుతుంది. ముందుగా తెలిసినవాడు నెమ్మదిగా, ఒక్కో వరుసే మారతాడు. పొరపాటున దాటిపోయినా కంగారు పడడు. 378 తప్పితే 379 ఉందని, అది మైలు దూరంలోనే ఉందని నంబరే చెబుతోంది కదా.

ఇక మన దగ్గర జరిగేది చెబుతాను. పోయినసారి ఇంటికి వచ్చినప్పుడు కోస్తాలోని ఒక పట్టణానికి రాత్రివేళ బైపాస్ మీదుగా చేరవలసి వచ్చింది. బండి మా తమ్ముడు నడుపుతున్నాడు. ఊరి పేరున్న బోర్డు ఒకే ఒక్కటి, అదీ సరిగ్గా సర్వీసు రోడ్డు చీలే చోట ఉంది. దాని ముందు ఒక లారీ ఆగి ఉండడంతో సగం అక్షరాలే కనిపించాయి. మాకన్నా ముందున్న కారు ఫ్లైఓవర్ ఎక్కబోయి, చప్పున బ్రేకు వేసి, నాలుగు దీపాలూ మిణుకుమిణుకుమంటుండగా వెనక్కి రావడం మొదలుపెట్టింది. మా వెనకాల బస్సు. అది హారన్ కొడుతూ పక్కనుంచి దూసుకుపోయింది. తమ్ముడు ఎగ్జిట్ వదిలేసి నేరుగా పోనిచ్చాడు. తిరిగి వచ్చే దారి ఎంత దూరంలో ఉందో చెప్పే బోర్డు ఒక్కటీ కనిపించలేదు. చివరికి టోల్ ప్లాజా దాకా వెళ్లి తిరగాల్సి వచ్చింది.

ఆ కారు నడిపినతన్ని తిట్టుకుని ఊరుకోవడం సులువే. హైవే మీద వెనక్కి నడపడం నేరం, ప్రాణాంతకం. అందులో రెండో మాట లేదు. కానీ తరువాతి మలుపు కిలోమీటరు దూరంలో ఉందో పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉందో తెలియని మనిషే అలాంటి తెగింపుకు దిగుతాడు. రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే మోటారుసైకిళ్లు, ఆటోల సంగతి కూడా చాలావరకు ఇంతే.

ఫోనులో మ్యాపు ఉండగా ఇంకా బోర్డులెందుకని కొందరు అడుగుతారు. ఫ్లైఓవరూ సర్వీసు రోడ్డూ పక్కపక్కనే నడిచే చోట మనం ఏ రోడ్డు మీద ఉన్నామో ఫోనుకే తెలియదు. ఎడమకు తిరగమని చెబుతుంది. ఏ ఎడమకు? నంబరు ఉంటే ఆ నంబరే చెబుతుంది, బోర్డు మీద చూసి పోల్చుకుంటాం. ఫోను లేని లారీ డ్రైవరుకూ, చార్జింగ్ అయిపోయినవాడికీ అదే బోర్డు పనికొస్తుంది.

ప్రమాదం జరిగినప్పుడు దీని విలువ ఇంకా బాగా తెలుస్తుంది. నాక్స్‌విల్ లోపల మైలులో అయిదోవంతుకొకటి చొప్పున చిన్న పలకలు పాతి, రహదారి నంబరు, దిక్కు, మైలు రాశారు. దెబ్బతిన్నవాడు తెలియని ఊళ్లో ఉన్నా, కళ్లముందున్న పలక చదివి చెబితే చాలు, అంబులెన్సు ఎటువైపు రోడ్డెక్కాలో తేల్చుకుంటుంది. మన దగ్గర 108కి గానీ హైవే సాయానికున్న 1033కి గానీ ఫోను చేసేవాళ్లు ఏం చెబుతున్నారు? పెట్రోలు బంకు దాటాక, ధాబాకు ఇవతల అని. అర్ధరాత్రి, నెత్తురోడుతున్న మనిషిని పక్కన పెట్టుకుని చెప్పవలసిన గుర్తులా అవి?

అమెరికాలో రోడ్లు వేసిన తీరంతా మనం నేర్చుకోదగ్గదని నేను అనడం లేదు. ఇదే 40ని 1960లలో నాష్‌విల్‌లో నల్లజాతి కుటుంబాలు, వాళ్ల దుకాణాలు ఉన్న జెఫర్సన్ స్ట్రీట్ ప్రాంతాన్ని చీల్చుకుంటూ వేశారు. 1967లో అక్కడివాళ్లు కోర్టుకు వెళ్లినా ఆగలేదు. ఆ వీధి మళ్లీ మునుపటిలా కోలుకోలేదు. మెంఫిస్‌లో ఓవర్టన్ పార్కు మధ్యనుంచి వేయాలనుకున్న భాగం మాత్రం 1971లో సుప్రీంకోర్టు తీర్పు అడ్డుపడ్డాక చివరికి ఆగిపోయింది. ఊరిని కోయకుండా బయటినుంచి దారి తీయడంలో మనవాళ్ల పద్ధతే మేలు. అందుకే ఆ పనిని సగంలో వదిలేయకూడదంటున్నాను.

పైగా మన దగ్గర దారులే మారిపోతున్నాయి. 2010లో జాతీయ రహదారుల నంబర్లు మార్చారు. 5 కాస్తా 16 అయింది, 7 కాస్తా 44 అయింది, 9 కాస్తా 65 అయింది. ఇప్పటికీ పాత నంబరు చెప్పేవాళ్లే ఎక్కువ. గుండుగొలను దగ్గర 16వ నంబరు రహదారి ఇప్పుడు దేవరపల్లి, కొవ్వూరు వైపు పోతుంది. తాడేపల్లిగూడెం, తణుకు, రావులపాలెం మీదుగా ఉన్న పాత దారికి 216ఏ అని పేరు పెట్టారు. ఏళ్ల తరబడి రావులపాలెంలో ఆగి ఆత్రేయపురం పూతరేకులు కొనుక్కుని పోయినవాళ్లకు ఆ చీలిక దగ్గర ముందస్తుగా స్పష్టమైన సమాచారం ఉండాలా వద్దా? రహదారి తప్పించుకుపోయిన ఊళ్లలో టిఫిను హోటళ్లూ చిన్న వ్యాపారాలూ ఎలాగూ దెబ్బతిన్నాయి. ఎగ్జిట్ దగ్గర ఆ ఊరి పేరు, అక్కడ దొరికేవీ చూడదగ్గవీ రాసిన పలక పెడితే వాళ్లకు కాస్తయినా ఊతం.

ఇది మనకు చేతకాని పనేమీ కాదు. 158 కిలోమీటర్ల హైదరాబాద్ బాహ్యవలయ రహదారి మీద ఎగ్జిట్లకు నంబర్లున్నాయి. పెద్ద అంబర్‌పేట 11 అనీ, శంషాబాద్ 16 అనీ జనం నోళ్లలో నానిపోయాయి. స్థలాల ప్రకటనల్లో కూడా ఊరి పేరుకన్నా ముందు ఎగ్జిట్ నంబరే కనిపిస్తోంది. అయితే జాతీయ రహదారులకు వరస నంబర్లు వద్దు, కిలోమీటరు నంబర్లే కావాలి. ఏటా ఎక్కడో ఒకచోట కొత్త ఫ్లైఓవరు కడుతూనే ఉంటాం. వరస లెక్కయితే ప్రతిసారీ చెడిపోతుంది. మసాచుసెట్స్ రాష్ట్రం ఎన్నో ఏళ్లు వరస నంబర్లతో నెట్టుకొచ్చి, 2020, 2021లలో మైలు నంబర్లకు మారింది. జనం తికమక పడకుండా పాత నంబరు కూడా చిన్న పసుపు పలక మీద రాసి పక్కనే ఉంచారు.

ఆంధ్రప్రదేశ్‌లో 16వ నంబరు రహదారికి తడ దగ్గర సున్నా పెట్టి ఇచ్ఛాపురం దాకా ఒకే లెక్క సాగించవచ్చు. కాంట్రాక్టు ముక్క మారినప్పుడల్లా లెక్క మారకూడదు. ఊరి పేరు తెలుగులో, దూరం నుంచి చదవగలిగేంత పెద్ద అక్షరాలతో ఉండాలి. దాటిపోతే తరువాతి ఎగ్జిట్ ఎన్ని కిలోమీటర్లో అదే బోర్డు మీద ఉండాలి. ఎగ్జిట్ మొదట్లో లారీలు ఆపకుండా చూడాలి. దూరప్రాంతపు బస్సులు అర్ధరాత్రి ఆడపిల్లలనూ ముసలివాళ్లనూ దించేసి పోయేది కూడా అక్కడే కాబట్టి దీపాలు తప్పనిసరి. ఆరు వరుసల విస్తరణ సాగుతున్న చోట్ల బోర్డులు ఎలాగూ కొత్తవి వేయాలి. అక్కడ మొదలుపెడితే అదనంగా అయ్యే ఖర్చు కొద్దిపాటిదే.

మీ పత్రిక జిల్లా విలేకరులకు ఒక మనవి. మీ ఊరి బైపాస్ ఎగ్జిట్ దగ్గరికి ఒక రాత్రి కారులో వెళ్లి, ఎంత దూరం నుంచి ఆ బోర్డు చదవగలుగుతున్నారో, దాటిపోతే తిరిగి రావడానికి ఎన్ని కిలోమీటర్లు పడుతోందో చూసి, ఫొటోతో సహా ప్రచురించండి.

ఇట్లు,
ఒక పాఠకుడు
నాక్స్‌విల్, టెనెస్సీ