ముందు ఎర్త్ చూడు

విజయవాడ,
ఆదివారం.

చిరంజీవి శ్రీనుకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. పెద్దత్త మోకాలి నొప్పి కాస్త నెమ్మదించింది. చింటూ పరీక్షలు అయిపోయాయి. నీ ఫోను వచ్చి పన్నెండు రోజులైంది. మిర్చి సీజన్ కదా, యార్డుకు లోడ్ల మీద లోడ్లు ఉంటాయి, వాడికి తీరికెక్కడిదని మీ అమ్మకు నేనే సర్దిచెబుతున్నాను.

మొన్న బాబ్జీ వచ్చి వెళ్లాడు. రాత్రి పదకొండు దాటాక కాజ టోల్ దగ్గర నీ బండిలాంటిదే ఒకటి లైట్లు లేకుండా రోడ్డు పక్కన ఆగి ఉందట. నువ్వేనా అని నేను అడగడం లేదు. ఆ దారిన అలాంటి పికప్‌లు ఎన్నో తిరుగుతాయి.

అయితే సంక్రాంతికి నువ్వు వచ్చినప్పుడు ఆ ఇంజను చప్పుడు విన్నాను. ఆక్సిలరేటరు తొక్కకుండా స్లోలో ఉంచితే స్పీడు లేస్తూ పడుతూ ఉంది, దాంతోపాటే హెడ్‌లైట్లు మసకబారుతున్నాయి. ఆ రెండూ కలిసి కనబడితే ముందు ఒకే జబ్బు అనుకుని వెతకాలి. నీ బండి డీజిల్ పంపు మీద సోలినాయిడ్, అంటే కరెంటుతో తెరుచుకునే వాల్వు, ఉంది. దానికి కరెంటు అందినంతసేపే డీజిల్ పారుతుంది. కరెంటు తెగితే ఇంజను అక్కడికక్కడే ఆగిపోతుంది.

నేను ఆటోనగర్‌లో చేరిన మూడో ఏడు కైకలూరు నుంచి చేపల వ్యాను ఒకటి వచ్చింది. ఇదే బాధ. బ్యాటరీ మార్చాను. వారానికి మళ్లీ వచ్చింది. డైనమో విప్పి బ్రష్‌లు వేశాను. మళ్లీ వచ్చింది. అప్పుడు మేస్త్రిగారు వచ్చి, వోల్టు మీటరు నల్ల వైరు బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర వైరు ఇంజను బ్లాకు మీద పెట్టి సెల్ఫ్ కొట్టమన్నారు. ముల్లు ఒకటిన్నర వోల్టు దాటింది. గేరుబాక్సు కిందికి చెయ్యి పోనిచ్చి ఎర్త్ జడను, అంటే ఇంజనును ఛాసిస్‌తో కలిపి కరెంటును బ్యాటరీ మైనస్‌కు తిరిగి చేర్చే అల్లిన తీగను, బయటికి లాగారు. ఛాసిస్‌కు రంగు వేసినప్పుడు ఆ రంగు మీదే బోల్టు బిగించేశారు. దాని కింద తెల్లగా, పచ్చగా చిలుము. ఇనుము మెరిసేదాకా ఉప్పు కాగితంతో రుద్ది బిగించారు. అంతే. పైసా ఖర్చు లేదు. ఆ యజమాని బ్యాటరీ కోసం భార్య కమ్మలు తాకట్టు పెట్టానని అప్పుడు చెప్పాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అందుకే చెబుతున్నాను, ఎవరో చెప్పారని కొత్త బ్యాటరీ అప్పు మీద తేవద్దు.

రాత్రంతా ఆగిన బండికి బ్యాటరీ మీద 12.6 వోల్టులు ఉండాలి. ఇంజను తిరుగుతుంటే 13.8 నుంచి 14.4 దాకా రావాలి. రాకపోతే బెల్టు వదులేమో చూసి, తర్వాతే డైనమో జోలికి పో. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్లాకుకూ మైనస్‌కూ మధ్య 0.5 వోల్టు దాటితే ఎర్త్ శుభ్రం చెయ్యి. కరెంటు అంతా బాగుండి స్లో మాత్రమే నిలవకపోతే ఫిల్టరులో నీళ్లు దింపి, లైనులో ఎయిర్ తియ్యి. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. చేతి ఉంగరం తీసి జేబులో పెట్టుకో. ప్లస్‌కు, ఇనుముకు మధ్య అది తగిలితే వేలు కాలిపోతుంది.

చీకట్లో ఆగితే బండి వెనక నిలబడవద్దు. ఎర్ర త్రికోణం దూరంగా పెట్టి, రోడ్డు దిగి అవతల నిలబడు. సరుకు ఆలస్యమైతే ఒక మాట పడతాం, అంతే. లైట్లు లేకుండా రెండు కిలోమీటర్లైనా నడపవద్దు. కాజ దగ్గర లారీలు ఎంత వేగంగా వస్తాయో నీకు తెలుసు.

మీ బాబాయి మంగళవారం గుంటూరు వస్తున్నాడు. నా మీటరు, ఉప్పు కాగితం, గోంగూర పచ్చడి సీసా ఒకే సంచిలో పంపుతున్నాను. సీసా పైన ఉంచాను, మీటరు పాత తువ్వాలులో చుట్టాను. కొలిచిన అంకెలు ఫోను చేసి చెప్పు. ఎంత రాత్రయినా ఫరవాలేదు, మెలకువగానే ఉంటాను.

నాన్న