మా అమ్మకు ప్రశ్నల్లేవట!

కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది పల్నాడు జిల్లా. మా అమ్మకు 31 ఏళ్లకే గర్భసంచి తీసేశారు. తెల్లబట్ట అవుతోందని టౌన్లో ఓ ప్రైవేటు ఆసుపత్రికి వెళ్తే స్కానింగ్ తీసి, "ఉంచుకుంటే క్యాన్సర్ అవుద్ది. పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకమ్మా?" అన్నారట. ఆ ఏడు మిరపకోతల కూలి డబ్బులన్నీ దానికే పోయాయి.

తర్వాత కొన్నాళ్లకే ఒంట్లో ఆవిర్లు, నిద్ర లేకపోవడం మొదలైంది. 42 ఏళ్లప్పుడు వాకిట్లో జారితే మణికట్టు విరిగింది. కట్టు కట్టిన డాక్టరు "అండాశయాలు కూడా తీసేశారా?" అని అడిగారు. అమ్మకు తెలీదు. ట్రంకు పెట్టెలోంచి పాత డిశ్చార్జి చీటీ తీసి చూపిస్తే అందులోనూ ఆ ముక్క లేదు. చిన్న వయసులో అండాశయాలు తీసేస్తే ఎముకలు గుల్లబారతాయని, గుండెజబ్బు ముప్పు పెరుగుతుందని మాకు తెలిసింది ఆ రోజే.

ఆ మధ్య ఓ ఆరోగ్య సర్వే వాళ్లు ఇంటికొచ్చారు. అమ్మ వయసు 51 అనగానే "మీకు ప్రశ్నల్లేవమ్మా" అని నన్ను కూర్చోబెట్టి, పిల్లలెంతమంది, కుటుంబ నియంత్రణకు ఏ పద్ధతి వాడుతున్నారని చాలాసేపు అడిగారు. అమ్మ వాళ్లకి టీ పెట్టింది.

మీ శాఖ చేయించే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేదీ ఇదే తీరు. ఆడవాళ్లను 49 దాకానే ఇంటర్వ్యూ చేస్తారు, మగవాళ్లను 54 దాకా! కాన్పుల వయసు దాటితే ఆడదానికి ఆరోగ్యం అక్కర్లేదనా? 2019-21 సర్వే ప్రకారం 15-49 ఏళ్ల వాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో నూటికి 3 మందయితే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది, తెలంగాణలో 8 మంది. ఇంత తేడా కనిపించాక, ఆపరేషన్ తర్వాత పదేళ్లకు, ఇరవై ఏళ్లకు వీళ్లెలా ఉన్నారో కదా చూడాల్సింది!

అనవసర ఆపరేషన్లు ఆపమని 2022లో మీ శాఖే మార్గదర్శకాలిచ్చింది. వాటిని అమలు చేయమని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. మంచిదే. ఇప్పటికే అయిపోయినవాళ్ల సంగతేంటి?

సర్వేలో ఆ 49 గీత చెరిపేయండి. ఎప్పుడు తీశారు, ఎందుకు తీశారు అన్నవాటితో పాటు అండాశయాలు ఉంచారా లేదా అని కూడా అడిగించండి. మా రెండు రాష్ట్రాల్లో ఈ ఆపరేషన్ అయినవాళ్ల ఎముకలు, గుండె ఎలా ఉన్నాయో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్)తో ఏళ్ల తరబడి గమనింపజేయండి.

ఎవరైనా వస్తే చూపించడానికి అమ్మ దగ్గర ఆ చీటీ ఇంకా ఉంది.

ఇట్లు,
పల్నాడు నుంచి ఒక కూతురు